వియ్యపురాలి బండికి టూ-టీ ఆయిల్

ఫిబ్రవరి 9

వదినగారికి నమస్కారం.

పిల్లల పెళ్ళయ్యాక మీకు నేను రాసే మొదటి ఉత్తరం ఒక ఇంజన్ గురించి అవుతుందని కలలో కూడా అనుకోలేదు. ఈ గుట్ట మీద ఫోను పలకదు. కింద వంతెన దాకా దిగితే ఓ ముక్క వినపడుతుంది, మిగతా ముక్క గాల్లో పోతుంది. పాల వ్యాను డ్రైవరు రోజూ మీ స్పేర్ పార్ట్స్ కొట్టు ముందు నుంచే వెళ్తానన్నాడు. అందుకే ఈ కాగితం అతని చేతికిస్తున్నాను.

సంగతేమిటంటే, మీ అన్నయ్యగారు బండి కొన్నారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు, అందుకే అడగలేదు. ఆ మాత్రం తెలివి ఉంది ఆయనకి. సముద్రం ఒడ్డున జనాన్ని ఇసుకలో తిప్పడానికి అద్దెకిస్తారే, ఆ నాలుగు చక్రాల మోటారు బండి. లావుపాటి చక్రాలేసుకుని నేలకి కరుచుకుని ఉంటుంది. ముందు రెండు దీపాలు గుడ్లు పొడుచుకొచ్చినట్టుంటాయి. చూడగానే నేను "ఇదేం పీతండీ" అన్నాను, ఆ పేరే ఖాయమైపోయింది.

కొన్నది ఊరికే తిరగడానికి కాదు లెండి. మా తేనెటీగల పెట్టెలు ఏటా గుట్ట చుట్టూ తిప్పి కింద పొద్దుతిరుగుడు చేలకి దింపాలి. ఇన్నాళ్ళూ చెరో పక్కా పట్టుకుని మోశాం. ఇప్పుడు ఆయన నడుమూ నా మోకాళ్ళూ ఒకేసారి రాజీనామా ఇచ్చాయి.

బండితో పాటు ఒక డ్రమ్ము ఆయిల్ ఉచితంగా ఇచ్చారు. అమ్మినాయనకి పడవలు కూడా ఉన్నాయట. పడవ మోటార్లలో పోసేదే దీన్లోనూ పోసేవాడట. మీ అన్నయ్యగారు "ఆయిలంటే ఆయిలే" అంటారు. కానీ స్టార్ట్ చేశారంటే పొగలో పెరడు మాయమైపోతోంది. నాకు దగ్గు, ఈగలకి చిరాకు. పెట్రోల్లో కలపడానికి చవగ్గా మంచి టూ-టీ ఆయిల్ ఏదో మీరే చెప్పాలి. వియ్యాలవారికి రాసే ఉత్తరంలో 'చవక' అన్న మాట రాయకూడదని తెలుసు. కానీ బండి కొన్నాక మా ఇంట్లో మిగిలిన మాట అదొక్కటే.

మా అమ్మాయి ఎలా ఉంది? నాకు రాసే ఉత్తరాల్లో నాలుగు ముక్కలకి మించి ఉండదు. దానికి కాస్త ముక్కు మీద కోపం. ఈ సంగతి పెళ్ళి మాటల్లో చెప్పడం మరిచిపోయాను.

మీ వదిన

ఫిబ్రవరి 15

వదినగారూ, నమస్కారం.

కొట్లో రద్దీగా ఉంది. ముగ్గురు బేరింగుల కోసం నిలబడి నా పెన్ను వైపే చూస్తున్నారు. అందుకని క్లుప్తంగా రాస్తున్నాను.

పిల్ల బాగుంది.

ఇక దాని సంగతి. అది వేడి రకం. నీళ్ళతో చల్లబడేది కాదు, గాలొక్కటే దానికి దిక్కు. కదులుతున్నంతసేపూ ఫరవాలేదు, ఒక్కచోట నిలబెట్టి పని చేయించారంటే మాడిపోతుంది. మొదట్లోనే పెద్ద బరువులు మోయించకూడదు. గట్టిగా అరుస్తుంది, అది దాని తీరు, భయపడక్కర్లేదు. నాకు తోచిందేమిటంటే దాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ సరిగ్గా చూసుకున్నట్టు లేదు. నాసిరకానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడైనా మంచి చేతుల్లో పడితే దారికొస్తుంది. ఇలాంటివాటిని నేను చాలా చూశాను.

వ్యానులో ఒక బంగారు రంగు డబ్బా పంపుతున్నాను. మా కొట్లో దానికి మించిన ఆయిల్ లేదు. ధర మాట ఎత్తారో, నా మీద ఒట్టే.

అన్నయ్యగారికి నమస్కారాలు చెప్పండి. బేరింగులాయన గొంతు సవరించుకుంటున్నాడు.

ఉంటాను,
మీ వదిన

ఫిబ్రవరి 22

గౌరవనీయులైన వియ్యపురాలు గారికి,

డబ్బా అందింది. చాలా పెద్ద మనసు మీది. కృతజ్ఞతలు.

మిగతా ఉత్తరం మాత్రం నాలుగుసార్లు చదివాను. మీ అన్నయ్యగారి చేత కూడా చదివించాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈగల దగ్గరికి వెళ్ళిపోయారు.

మా అమ్మాయికి కోపమని నేనే రాశాను, కాదనను. కన్నతల్లిని, నేను అనొచ్చు. మీరు "వేడి రకం" అన్నారు, సరే. "నీళ్ళతో చల్లబడేది కాదు" అన్నారు. దాని మీద నీళ్ళు పోసి చూశారా ఏమిటండీ? బరువులు మోయిస్తున్నారని కూడా మీ రాతలోనే తెలిసింది. మా ఇంట్లో దాని చేత బిందె కూడా మోయించలేదు. అరుస్తుందంటున్నారు. కారణం లేకుండా అరిచే పిల్ల కాదు, ఆ కారణమేమిటో కాస్త విచారించండి.

అన్నిటికంటే నా గుండెలో గుచ్చుకున్నది ఒకటుంది. ఇన్నాళ్ళూ ఎవరూ సరిగ్గా చూసుకున్నట్టు లేదని రాశారు. చూసుకున్నది నేనండీ. నాసిరకం అలవాటు చేశానో, మేలురకం అలవాటు చేశానో, నాకున్నంతలో చేశాను.

పైగా కొత్త కోడల్ని, కాగితం మీద, కన్నతల్లికి రాస్తూ, "అది" "దాన్ని" అంటారా? మీ ఇంట్లో అది వాడుకేమో, నాకు తెలియదు.

ఇట్లు,
అమ్మాయి తల్లి

ఫిబ్రవరి 27

అయ్యో వదినగారూ!

అది బండండీ! బండి! మీ పీత!

గాలికి చల్లబడే ఇంజన్ గురించి రాశాను నేను. పిల్ల బాగుందన్న ముక్క పక్కనే "ఇక దాని సంగతి" అని మొదలెట్టానా? నా తలకాయ కొట్టుకోవాలి. బేరింగులాయన మళ్ళీ వస్తే అతని తల కూడా కలిపి కొడతాను.

మీ ఉత్తరం నిలబడే చదివాను. మొదటి సగం అర్థం కాలేదు. మీ అమ్మాయి చేత ఎవరైనా బరువు మోయించారేమోనని మా వాడి మీద కూడా కేకలేశాను. చివరికి ఏం చేయాలో తోచక ఉత్తరం కోడలి చేతికే ఇచ్చాను. పిల్ల మొహం ముడుచుకుని చదివింది. "నీళ్ళు పోసి చూశారా" అన్న చోటికి వచ్చేసరికి టైర్ల దొంతర మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. అలాంటిలాంటి నవ్వు కాదండీ, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా. వెనక గోడౌన్లోంచి మా వాడు ఏదో రాక్ పడిపోయిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఇప్పుడు మీకొక మాట చెప్పాలి. మా ఇంటికొచ్చాక మీ అమ్మాయి అలా నవ్వడం ఇదే మొదటిసారి. కోపిష్టి అని మీరు రాస్తే నాకు నమ్మకం కుదరలేదు. నేనేం చెప్పినా "అలాగే అత్తయ్యా" అంటుంది. పొద్దున్న వంటగది చూస్తావా అంటే అలాగే. కొట్లో కూర్చుంటావా అంటే అలాగే. చూద్దామని ఓసారి, ముందు గదికి గ్రీజు రంగు వేయిద్దామా అన్నాను. "అలాగే అత్తయ్యా." నేను ఇంట్లో కోడలితో ఉన్నానో, గోడతో ఉన్నానో తెలియడం లేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో మీరైనా చెప్పండి.

సరే, ఈసారి ఆయిల్ సంగతి విడమరిచి రాస్తాను, ఎవరి పేరు పెట్టి వాళ్ళని పిలుస్తూ.

పడవ మోటారు నీళ్ళలో మునిగి ఉంటుంది, అదెప్పుడూ చల్లగానే తిరుగుతుంది. దాని ఆయిల్ ఆ చలవకి తగ్గట్టు చేస్తారు. మీ పీత ఇంజన్‌కి ఆ అదృష్టం లేదు. ఒంటి నిండా రేకుల్లాంటి మడతలుంటాయి చూడండి, వాటి మీదుగా గాలి వీస్తేనే చల్లబడుతుంది. గుట్ట మీద నెమ్మదిగా బరువుతో ఎక్కుతుంటే ఆ గాలి చాలదు. అంత వేడికి పడవ ఆయిల్ పల్చబడిపోయి పిస్టన్‌ని కాపాడలేదు, రింగుల దగ్గర జిగురులా అట్టకడుతుంది. ఒకరోజు పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. అందుకని ఆ డ్రమ్ము ముట్టుకోకండి. గేటు కీళ్ళకి రాసుకోండి.

నేను పంపిన డబ్బాలోంచి లీటరు పెట్రోలుకి ముప్పై మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా పది మిల్లీలీటర్ల మూతతో మూడుసార్లు కొలిస్తే సరిపోతుంది. ముందు కలిపి, డబ్బా కుదిపి, అప్పుడు టాంకులో పోయండి.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయండి. రాసేదాకా నాకు అన్నం సయించదు.

మీ వదిన

మార్చి 6

వదినగారికి,

కోపమా? ఎక్కడి కోపం? సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీ అన్నయ్యగారు ఇప్పుడు బండిని "అమ్మాయీ" అని పిలుస్తున్నారు. పొద్దున్నే "అమ్మాయీ, ఇవాళ ఒంట్లో ఎలా ఉంది" అని దాని టాంకు నిమిరి, నా వైపు చూసి నవ్వుతారు. కొన్నాళ్ళు నేను ఇది పడాల్సిందే.

అమ్మాయి సంగతి అడిగారు. పొరపాటు మీది కాదు, దాని భాష మీకింకా తెలియదు, అంతే. మా అమ్మాయి "అలాగే" అందంటే ఒప్పుకోలేదని అర్థం. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మకి, పక్కింటివాళ్ళకి, బస్సు కండక్టరుకి, అందరికీ "అలాగే"నే. మాతో మాత్రం ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెరిచే వేళ దాకా ప్రతిదానికీ పేచీ. తనవాళ్ళనుకున్నవాళ్ళతోనే పోట్లాడుతుంది. మీతో ఎప్పుడు గొడవ పడుతుందో ఆరోజు నాకు కబురు చేయండి, నేనిక్కడ నిశ్చింతగా నిద్రపోతాను.

బండి బ్రహ్మాండంగా నడుస్తోంది. ఖాళీగా రెండుసార్లు చేల దాకా వెళ్ళొచ్చాం. పొద్దుతిరుగుడు పూలు విచ్చుకోవడం మొదలైంది. చేను ఆసామి మంచివాడే కానీ తొందర మనిషి. వచ్చే వారం చివరికల్లా పెట్టెలు దించకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఈ పూలు దాటిపోతే మళ్ళీ ఏడాది దాకా మాకు తేనె లేదు. అందుకని రేపటి నుంచే మోత మొదలు.

మామూలుగా పెట్టె కదిపే ముందు ఈగలకి కాస్త పొగ పెడతాం కదా, అవి మత్తుగా పడుంటాయి. ఇప్పుడా శ్రమ కూడా తప్పింది, బండే పెట్టేస్తోంది!

మీ డబ్బాని చూసినవాళ్ళంతా ఏమిటేమిటని అడుగుతున్నారు. హాల్లో అద్దాల బీరువాలో, పిల్లల పెళ్ళి ఫోటో పక్కన పెట్టాను. సాయంత్రం ఎండ పడితే ఆ బంగారు రంగు ఎంత మెరుస్తుందనుకున్నారు! వియ్యపురాలు పంపిందని అందరికీ చెబుతున్నాను.

మీ వదిన

మార్చి 11

వదినగారూ,

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. బీరువాలో ఉన్న ఆయిల్‌తో బండి ఎలా నడుస్తోందండీ?

నేను మీ ఉత్తరం చదివి మురిసిపోయి పక్కన పెట్టాను. నాకు తట్టలేదు. కోడలు చదివింది. చదివి, కాగితం మడిచి, "అత్తయ్యా, అమ్మ ఆ డబ్బా మూత కూడా తీయలేదు" అంది.

"అదేమిటే, బ్రహ్మాండంగా నడుస్తోందని రాసిందిగా?"

"ఇంకా పొగ వస్తోందని కూడా రాసింది. డ్రమ్ములోదే పోస్తోంది. నాకు ముందే తెలుసు. ఆ డబ్బా పంపొద్దని చెబుదామనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. అప్పటికే డబ్బాకి తాడు కట్టేశారు."

"అడక్కపోతే చెప్పవా? నోరు లేదా?"

వదినగారూ, అప్పుడు వచ్చిందండీ నోరు! కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారన్న ధ్యాస కూడా లేదు. "మీకు మా అమ్మ సంగతి తెలియదు. మా ఇంట్లో కొత్త దుప్పట్లు ఇప్పటికీ కవర్లలోనే ఉన్నాయి. ఖరీదైంది ఇస్తే కాపాడుతుంది, వాడదు. చవకైంది కావాలని అడిగింది కదా, చవకైందే పంపాల్సింది!"

నేనూరుకుంటానా? "వియ్యాలవారింటికి చవక డబ్బా పంపితే నా పరువేం కాను?" అన్నాను.

"ఇంజన్‌కి మీ పరువుతో పని లేదత్తయ్యా!"

నలుగురిలో ఒకాయన పకపకా నవ్వాడు. మీ అమ్మాయి స్టూలెక్కి, ర్యాకు మీద నుంచి డబ్బాలన్నీ దింపి వరసగా పేర్చింది. అవేమిటో ఎప్పుడు చదివి పెట్టుకుందో నాకు తెలియదు. బంగారు డబ్బా చూపించి, "ఇది పందేల్లో గిర్రున తిరిగే ఇంజన్లకి. మా నాన్న నడిపేది మనిషి నడకంత వేగంలో. దండగ" అంది. లేబులు లేని లూజు ఆయిల్ పక్కకి నెట్టేసింది. ఆ మధ్యలో ఉన్న నీలం డబ్బా ఎత్తి, వెనక సన్న అక్షరాలు నా కళ్ళ ముందు పెట్టింది. "ఎఫ్.సి. అని ఉంది చూడండి. గాలికి చల్లబడే ఇంజన్లకి పనికొస్తుంది, పొగ తక్కువ. అమ్మకి దగ్గు, ఈగలకి చిరాకు, రెండూ తగ్గుతాయి. ధర మీ బంగారందాన్లో మూడో వంతు. ఇంతకన్నా తక్కువకి దిగితే ఇంజన్ పోతుంది, పైకి వెళ్తే అమ్మ బీరువాలో పెడుతుంది."

నేను ఈ కౌంటరు వెనక నిలబడే జుట్టు నెరిపించుకున్నాను. నాకు అది తెలియక కాదు. కానీ కొనేవాడు దాన్ని ఇంటికెళ్ళి పోస్తాడా లేదా అని ఏనాడూ ఆలోచించలేదు. అయినా వెంటనే ఒప్పుకుంటే ఎలా? ఇంకాసేపు వాదించాను. నిజం చెప్పొద్దూ, వాదన అయిపోతుందేమోనని భయమేసి వాదించాను. అంత సంతోషంగా ఉంది నాకు. రాత్రి భోజనాల దగ్గర కూర విషయంలో ఇంకో గొడవ. మా వాడు ఒకసారి నా మొహం, ఒకసారి వాళ్ళావిడ మొహం చూసి, కంచం పట్టుకుని ముందు గదిలోకి పోయాడు.

మీరిక నిశ్చింతగా నిద్రపోవచ్చు. కానీ ముందు ఆ బండి ఆపించండి! రెండు నీలం డబ్బాలు పంపుతున్నాను. టాంకులో ఉన్నదంతా తీసేసి, ఇది కలిపి పోసేదాకా ఒక్క పెట్టె కూడా ఎక్కించకండి.

మీ వదిన

మార్చి 12

వదినగారికి,

ఏమని రాయను. బండి ఆగిపోయింది.

మూడో విడత దింపుతున్నాం. దారంతా దిగుడే కాదు, మధ్యలో చిన్న ఎత్తు ఒకటి ఎక్కాలి. ఆయన నడుపుతున్నారు, నేను వెనక నడుస్తున్నాను, పెట్టెలు కదలకుండా చెయ్యేసి. ఎత్తు సగం ఎక్కాక ఇంజన్ చప్పుడు సన్నగా, ఈల వేసినట్టయింది. ఆ వెంటనే కీచుమని అరిచి చక్రాలు బిగుసుకుపోయాయి. పెట్టెలన్నీ ఒకదాని మీదికి ఒకటి జరిగి, పైనున్న దాని మూత లేచింది. తర్వాతది మీరే ఊహించుకోండి. మీ అన్నయ్యగారు ఇంత బాగా పరుగెత్తగలరని నాకు ఇన్నేళ్ళ కాపురంలో తెలియదు. కుడి చెయ్యి బూరెలా ఉబ్బింది, ముక్కు మొహంలో సగం ఆక్రమించింది. ఆయనకి నొప్పి కంటే, నేను చూసి నవ్వానన్న కోపమే ఎక్కువగా ఉంది.

ఇప్పుడు సగం పెట్టెలు కింద చేలో, సగం పైన పెరట్లో. బండి దారి మధ్యలో. కిక్కు కొడితే కాలు కిందికే దిగడం లేదు. చేను ఆసామి వచ్చి చూసి, ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఆపైన నా చేతుల్లో లేదన్నాడు.

మీ ఆయిల్‌లో లోపమేం లేదండీ. పాత బండి కదా, ఎంత మంచి ఆయిల్ పోసినా మాత్రం...

పై ముక్క రాస్తుండగానే వ్యాను వచ్చింది. నీలం డబ్బాలూ మీ ఉత్తరమూ అందాయి.

ఇక ఆ పైదంతా మీరు చదవనట్టే లెక్క. అవును, డ్రమ్ములోదే పోశాం. పోసింది ఆయన, పోయమన్నది నేను. అంత మంచి డబ్బా మూత తీయడానికి చేతులు రాలేదు. ఈ పొద్దుతిరుగుడు మోత అయ్యేదాకా డ్రమ్ముతో సరిపెట్టి, ఆ తర్వాత మీది వాడదామనుకున్నాను. కొండంత నష్టం తెచ్చుకున్నాను. మా అమ్మాయి ఇక్కడ ఉండి ఉంటే నన్ను నిలబెట్టి కడిగేసేది. అక్కడుండి కూడా కడిగేసిందనుకోండి.

మీ ఇద్దరికీ గొడవైందన్న చోటు మాత్రం ఆయనకి రెండుసార్లు వినిపించాను. ఉబ్బిన మొహంతోనే నవ్వారు.

ఇప్పుడేం చేయమంటారు?

మీ వదిన

మార్చి 14

వదినగారూ,

కిక్కు కొట్టకండి. మళ్ళీ చెబుతున్నాను, ఎవరూ కిక్కు కొట్టకండి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ పోసి, గుడ్డ కప్పి వదిలేయండి. టాంకు ఖాళీ చేయించండి. ఎడ్లబండో, ట్రాక్టరో, ఏది దొరికితే అది కట్టి పీతని మీ పెరట్లోకి లాగించండి.

ఆదివారం తెల్లారేసరికి నేనూ కోడలూ వస్తున్నాం. కొట్టు మా వాడు చూసుకుంటాడు. పిస్టన్, రింగులు, గాస్కెట్లు, అన్నీ పెట్టుకున్నాను. మెకానిక్కుని పంపుదామంటే అతను వచ్చే బుధవారం దాకా ఖాళీ లేడు. అయినా నా చేత్తో విప్పని టూ-స్ట్రోక్ ఇంజన్ ఈ ఊళ్ళో లేదు.

మర్యాదలేవీ చేయకూడదు. కొత్త దుప్పట్లు కవర్లలోంచి తీయొద్దు. కుర్చీల మీద తువ్వాళ్ళు పరవొద్దు. నాకు కావాల్సింది ఒక గోనెపట్టా, ఒక బకెట్టు కిరసనాయిలు, తలుపు తీసి ఉంచిన పెరడు.

పిల్ల ఇప్పటి నుంచే పనిముట్ల పెట్టె నేను తప్పుగా సర్దానని తీసి మళ్ళీ సర్దుతోంది.

మీ వదిన

మార్చి 23

వదినా,

'గారు' రాయబోయి ఆగాను. మా పెరట్లో గోనెపట్టా మీద మఠం వేసుకుని, మోచేతుల దాకా మసితో, "ఆ స్పానర్ ఇలా పడేయ్ వదినా" అని నన్ను కేకేసిన మనిషికి ఇంక 'గారు' ఎలా రాయను?

ఆ రోజు జరిగింది మీకు తెలిసిందే. కానీ నా వైపు నుంచి ఎలా కనబడిందో మీకు తెలియదు కదా, అది రాస్తాను.

మీరు సిలిండర్ పైకి లాగారు. గీరుకుపోయిన పిస్టన్‌ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించారు. నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. మీరేమో, "బతికే ఉందిలే, సిలిండర్ చెక్కుచెదరలేదు" అన్నారు. నాకప్పుడే ఏడుపొచ్చింది, టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళాను.

వంటగది కిటికీలోంచి చూస్తే మీ ఇద్దరి తలలూ ఇంజన్ మీదికి వంగి ఉన్నాయి. మసి గీకుతున్నారు.

"అత్తయ్యా, అలా గీకితే గీతలు పడతాయి."

"నీకంటే ముందు నుంచీ గీకుతున్నానే నేను."

"ముందు నుంచీ తప్పుగా గీకుతున్నారేమో!"

"అయితే నువ్వే గీకు, నేను చూస్తూ కూర్చుంటా."

"చూస్తూ కూర్చోకండి, ఆ రింగు పట్టుకోండి."

వదినా, ఆ గొంతు నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నా ఒక్కదాని కోసమే ఉన్న గొంతు. నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం కుళ్ళుకున్నాను. నా సొమ్ము ఎవరో పట్టుకెళ్ళినట్టనిపించింది. గ్లాసుల్లో పోసిన టీ అలాగే చల్లారిపోయింది. మీ అన్నయ్యగారు వెనక నుంచి వచ్చి, ఉబ్బిన ముక్కుతో, "ఏమైంది" అన్నారు. "ఏం లేదు, పిల్ల అక్కడ బాగానే ఉంది" అన్నాను. టీ మళ్ళీ పెట్టాను. మీరు తాగిందీ, పంచదార ఎక్కువైందని మీ కోడలు పేచీ పెట్టిందీ, ఆ రెండో విడత టీనే.

సాయంత్రం మీరు వెళ్ళేముందు అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. నీలం డబ్బా, దగ్గు మందు మూత నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది అయిపోవాలి. నేను మళ్ళీ వచ్చేసరికి ఖాళీ డబ్బా కనబడాలి" అంది. "అలాగే" అన్నాను. "నాతో అలాగే అనకు" అంది!

ఇక ఆ తర్వాతి సంగతి. ఆదివారం సాయంత్రానికి ఇంజన్ పలికింది కానీ, పెట్టెలు కదలాలంటే ఈగలన్నీ గూట్లో ఉండాలి కదా, తెల్లవారుజామే మంచిది. చేను ఆసామి మీ ఎదురుగానే సోమవారం ఉదయం దాకా గడువిచ్చాడు. పాపం, మీ చేతిలో సుత్తి చూసి ఇచ్చాడని నా అనుమానం. మీ అన్నయ్యగారి కుడి చెయ్యి ఇంకా పిడికిలి పట్టడం లేదు. మరి ఎవరు నడపాలి?

నేనే నడిపాను.

నవ్వకండి. మొదట గేటు గుద్దాను. రెండోసారి గేటు తప్పించి అంట్లగట్టు గుద్దాను. ఆయన ముందు లాంతరు పట్టుకుని నడుస్తూ, "నెమ్మది, నెమ్మది" అంటూ వచ్చారు. పిస్టన్ కొత్తది, బరువు తక్కువ పెట్టమని మీరన్నారుగా, విడతకి కొన్నే ఎక్కించాను. ఎత్తు దగ్గర ఆగి ఇంజన్‌కి కాస్త గాలి పట్టనిచ్చాను. మడతల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉంది కానీ మాడ్చే వేడి కాదు. పొగ సన్నగా, ఊదుబత్తి అంత. దగ్గు రాలేదు. వెనక పెట్టెల్లో ఈగల చప్పుడు నా వీపుకి తగులుతోంది. చివరి విడత దించేసరికి తూరుపు తెల్లబడింది.

పెట్టెల తలుపులు తీశాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి బయటికొచ్చి గుమ్మం మీద నిలబడింది. అటూ ఇటూ చూసి ఎగిరింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత మరి చూపు ఆనలేదు. పూలన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి, ఇవన్నీ అటే పోయాయి.

నేను బండి మీదే కూర్చుండిపోయాను. ఆయన ఎడం చేత్తో నా భుజం తట్టి, "దిగవేం" అన్నారు. దిగబుద్ధి కాలేదు. ఇంజన్ ఆపేశాక చేను మొత్తం నుంచి ఒక చప్పుడు వస్తుంది వదినా, మంద్రంగా, నేల లోపల్నుంచి వస్తున్నట్టు. ఆ రోజంతా మీరు ఇంజన్ చప్పుడే విన్నారు, ఇది వినలేదు.

పూలు ఇంకో మూడు వారాలు ఉంటాయట. ఈసారి ఇద్దరూ పనిముట్లు లేకుండా రండి. ఊరికే రండి.

నీ వదిన